ఓపెన్ చిప్ రూపకల్పనల్లో యాదృచ్ఛిక సంఖ్యల భౌతికమూలం: ఎంపిక ప్రమాణాలు

వ్యాససంగ్రహం

గూఢలిపి పద్ధతులన్నీ ఎవరూ ముందుగా ఊహించలేని సంఖ్యల మీద ఆధారపడి పనిచేస్తాయి. ఆ సంఖ్యలకు ఆధారమైన భౌతిక అనిశ్చితి చిప్‌లోని ఒక చిన్న సర్క్యూట్‌లో పుడుతుంది. రూపకల్పన అందరికీ అందుబాటులో ఉండే ఓపెన్ చిప్‌లలో ఈ సర్క్యూట్‌ను ఏ ప్రమాణాలతో ఎంపిక చేయాలన్నది ఈ వ్యాసంలోని చర్చనీయాంశం. వెలువడిన సంఖ్యలు సాంఖ్యక పరీక్షల్లో నెగ్గడం ఎంపికకు చాలదు. అనిశ్చితి ఎక్కడ నుంచి, ఎంత వస్తున్నదో వివరించగలగడం, ముడి బిట్లను కొలవగలగడం, మూలం విఫలమైనప్పుడు గుర్తించగలగడం అనే మూడూ అవసరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రింగ్ ఆసిలేటర్, మెటాస్టేబుల్ లాచ్, అవలాంచ్ డయోడ్ అనే మూడు మూలాలను ఈ ప్రమాణాలతో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: యాదృచ్ఛిక సంఖ్యలు, కనిష్ఠ ఎంట్రోపీ, రింగ్ ఆసిలేటర్, జిట్టర్, ఓపెన్ హార్డ్‌వేర్, రిస్క్-ఫైవ్, ఓపెన్‌టైటన్

1. ఉపోద్ఘాతం

రహస్య కీని ఛేదించాలనుకునేవారు గణితాన్ని ఛేదించవలసిన అవసరం ప్రతిసారీ ఉండదు. ఆ కీ ఏ సంఖ్యల నుంచి తయారైందో ఊహించగలిగితే చాలు. గడచిన కాలంలో ఇటువంటి సంఘటనలు అనేకం బయటపడ్డాయి.

2008లో డెబియన్ లినక్స్‌లోని ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ గ్రంథాలయంలో ఒక లోపం వెలుగుచూసింది. 2006లో చేసిన చిన్న సవరణ వలన కీ తయారీలో మారుతూ వచ్చినది ప్రాసెస్ సంఖ్య ఒక్కటే. ఒక్కో రకం యంత్రానికి, ఒక్కో కీ పరిమాణానికి గరిష్ఠంగా 32,767 కీలు మాత్రమే సాధ్యమయ్యాయి. 2012లో హెనింగర్, డురుమెరిక్, వస్ట్రో, హాల్డర్‌మన్ ఇంటర్నెట్ మొత్తాన్ని జల్లెడ పట్టి, రౌటర్ల వంటి చిన్న పరికరాలు ఒకే ప్రధానసంఖ్యను పంచుకుంటున్నాయని చూపారు. టిఎల్‌ఎస్ వాడే యంత్రాల్లో 0.50 శాతం యంత్రాల రహస్య ఆర్‌ఎస్‌ఏ కీలను వారు రాబట్టగలిగారు. ఆ పరికరాలు పవర్ అందిన వెంటనే, అనిశ్చితి సమకూరకముందే కీలు తయారుచేసుకోవడం ఇందుకు ప్రధాన కారణం.

ఈ రెండూ సాఫ్ట్‌వేర్ వైపు వైఫల్యాలు. 2013లో వెల్లడైన తైవాన్ ఉదంతం హార్డ్‌వేర్‌కు చెందినది. ఆ దేశ పౌరుల డిజిటల్ గుర్తింపు కోసం జారీ అయిన స్మార్ట్ కార్డులు తమ కీలను తమలోని హార్డ్‌వేర్ మూలంతోనే తయారుచేసుకున్నాయి. భద్రతా ధ్రువీకరణలు పొందిన కార్డులే అవి. బెర్న్‌స్టీన్ తదితర పరిశోధకులు 20 లక్షలకు పైగా 1024 బిట్ల కీలను పరిశీలించి 184 కీలను ఛేదించారు. ఒకే ప్రధానసంఖ్య 46 సార్లు కనిపించింది. 512 బిట్లలో పై రెండు బిట్లు 1గా, మిగిలినవన్నీ 0గా ఉన్న సంఖ్యకు వెనువెంటనే వచ్చే ప్రధానసంఖ్య అది. అంటే ఆ క్షణాన మూలం దాదాపు సున్నాలనే ఇచ్చింది. కార్డు ఆ సంగతి గమనించకుండా దాన్ని రహస్య కీగా స్వీకరించింది.

ఆ కార్డులోని మూలం రూపకల్పన బయటివారికి కనిపించదు. మరి రూపకల్పన తెరిచి ఉంటే ఈ ప్రమాదం తొలగిపోతుందా? ఓపెన్ చిప్‌ల విషయంలో అడగవలసిన ప్రశ్న ఇదే.

2. మౌలిక భావనలు

2.1 మూలం, ఉత్పాదకం

యాదృచ్ఛిక సంఖ్యల వ్యవస్థలో రెండు భిన్నమైన భాగాలున్నాయి. మొదటిది భౌతికమూలం. ఇది ఉష్ణశబ్దం వంటి ప్రకృతి ప్రక్రియ నుంచి అనిశ్చితిని సేకరిస్తుంది. రెండవది గణిత ఉత్పాదకం. ఇది ఒక బీజాన్ని తీసుకొని నిర్ణీత సూత్రం ప్రకారం పొడవైన సంఖ్యాశ్రేణిని ఇస్తుంది. రెండవ భాగం ఎంత పటిష్ఠమైనదైనా కొత్త అనిశ్చితిని సృష్టించలేదు. బీజంలో ఉన్నదాన్నే అది విస్తరిస్తుంది. బీజం 32,767 రకాలుగా మాత్రమే మారగలిగితే, దాని నుంచి వచ్చే శ్రేణులు కూడా 32,767కు మించవు.

2.2 కనిష్ఠ ఎంట్రోపీ

అనిశ్చితిని కొలిచే మానాలు అనేకం ఉన్నా భద్రతకు పనికివచ్చేది కనిష్ఠ ఎంట్రోపీ. దాడి చేసేవారు ముందుగా ప్రయత్నించేది అత్యధిక సంభావ్యత గల విలువనే కనుక ఈ మానం ఆ ఒక్క విలువ ఆధారంగానే లెక్క కడుతుంది. ఉదాహరణకు ఒక మూలం 1ని 0.6 సంభావ్యతతో, 0ని 0.4 సంభావ్యతతో ఇస్తుందనుకుందాం. షానన్ ఎంట్రోపీ ప్రకారం ఒక్కో బిట్‌లో 0.971 బిట్ల అనిశ్చితి ఉన్నట్లు కనిపిస్తుంది. కనిష్ఠ ఎంట్రోపీ ప్రకారం ఉన్నది 0.737 మాత్రమే. ఈ మూలం నుంచి 256 బిట్ల అనిశ్చితి కావాలంటే కనీసం 348 ముడి బిట్లు సేకరించాలి. ఈ లెక్క కూడా ఒక బిట్‌కు మరొక బిట్‌తో సంబంధం లేనప్పుడే చెల్లుతుంది.

2.3 పక్షపాతం, పరస్పర సంబంధం

అష్టాచెమ్మా ఆటలో గవ్వ వెల్లకిలా పడే అవకాశం, బోర్లా పడే అవకాశం సమానం కావు. ఇది పక్షపాతం. దీన్ని తొలగించడానికి 1951లో వాన్ నాయ్‌మన్ ఒక సులభమైన పద్ధతి చెప్పాడు. ఒకే గవ్వను రెండేసి సార్లు వేయాలి. వెల్లకిల, బోర్ల వరుసలో పడితే 0గా, బోర్ల, వెల్లకిల వరుసలో పడితే 1గా తీసుకోవాలి. రెండుసార్లూ ఒకే విధంగా పడితే వదిలివేయాలి. వచ్చే 0, 1లకు సమాన అవకాశం ఉంటుంది. అయితే ప్రతి వేటూ ముందు వేటుతో సంబంధం లేనిదై ఉండాలన్నది దీనికి షరతు. మూలం 0, 1, 0, 1 అంటూ క్రమంగా మారుతూ పోతే ఈ పద్ధతి అదే బిట్‌ను నిరంతరం ఇస్తుంది. పక్షపాతాన్ని సరిదిద్దడం తేలిక. పరస్పర సంబంధాన్ని సరిదిద్దాలంటే అది ఎక్కడ నుంచి వస్తున్నదో ముందు తెలియాలి.

3. ఫలిత పరీక్షల పరిమితి

ఒక మూలం మంచిదని చూపడానికి చాలామంది దాని ఫలితాలను ఎన్‌ఐఎస్‌టి 800-22, డైహార్డర్ వంటి సాంఖ్యక పరీక్షలకు పెడతారు. విద్యార్థుల ప్రాజెక్టు నివేదికల్లోనూ ఈ పట్టికలే ప్రధానంగా కనిపిస్తాయి. ఈ పరీక్షలు ఫలితం యాదృచ్ఛికంగా కనిపిస్తున్నదా అని మాత్రమే చెప్పగలవు. ఊహించడానికి వీలుకానిదా అని చెప్పలేవు.

దీనికి సులభమైన నిదర్శనం ఉంది. 0, 1, 2, 3 అంటూ సాగే లెక్కింపును తెలిసిన కీతో ఏఈఎస్ ద్వారా పంపితే వచ్చే శ్రేణి ఆ పరీక్షలన్నిటిలో నెగ్గుతుంది. కీ తెలిసినవారికి మాత్రం అందులో అనిశ్చితి సున్నా. చిప్‌లో భౌతికమూలం తరువాత హాష్ లేదా ఏఈఎస్ దశ ఉంటే, మూలం పూర్తిగా చచ్చిపోయినా చివరి ఫలితం నిండుగానే కనబడుతుంది.

2013లో బెకర్, రెగజోని, పార్, బర్లెసన్ ఈ ప్రమాదాన్ని మరొక అడుగు ముందుకు తీసుకువెళ్లి చూపారు. కొన్ని ట్రాన్సిస్టర్ల డోపింగ్‌ను మాత్రమే మార్చి, ఇంటెల్ ప్రాసెసర్ల తరహా ఉత్పాదకంలోని 128 బిట్ల అనిశ్చితిని దాడి చేసేవారు కోరుకున్న స్థాయికి, ఉదాహరణకు 32 బిట్లకు, తగ్గించవచ్చని నిరూపించారు. లోహపు పొరల్లో మార్పు లేనందువల్ల సాధారణ దృశ్యపరిశీలనకు అది అందదు. చిప్‌లోని స్వయంపరీక్ష, బయటి సాంఖ్యక పరీక్షలు రెండూ దాన్ని పట్టుకోలేవు.

కనుక పరీక్షించవలసినది శుద్ధి అయిన ఫలితాన్ని కాదు, శుద్ధికి ముందున్న ముడి బిట్లను. ఎన్‌ఐఎస్‌టి 2018లో వెలువరించిన 800-90బి ప్రమాణం ముడి నమూనాలనే అడుగుతుంది. మూలాన్ని 1,000 సార్లు తిరిగి ప్రారంభించి, ప్రతిసారీ 1,000 నమూనాలు తీసి పోల్చాలని కోరుతుంది. ప్రతి ప్రారంభంలోనూ ఒకే తీరు పునరావృతమయ్యే మూలాలు ఈ పరిశీలనలో బయటపడతాయి. జర్మనీ సంస్థ బిఎస్‌ఐ రూపొందించిన ఏఐఎస్ 31 పద్ధతి ఇంకొంత ముందుకు వెళ్లి, మూలం ఎలా పనిచేస్తుందో తెలిపే సంభావ్యతా నమూనాను రూపకర్తే సమర్పించాలంటుంది.

4. మూడు భౌతికమూలాల పరిశీలన

4.1 రింగ్ ఆసిలేటర్

బేసి సంఖ్యలో ఇన్వర్టర్లను వలయంగా కలిపితే వాటి విలువ ఎప్పటికీ స్థిరపడదు, 0, 1ల మధ్య డోలనం చెందుతూనే ఉంటుంది. ట్రాన్సిస్టర్లలోని ఉష్ణశబ్దం వల్ల ప్రతి డోలనం కొద్దిగా ముందుకో వెనుకకో జరుగుతుంది. ఈ జరుగుబాటే జిట్టర్. నెమ్మదైన మరొక గడియారంతో ఈ డోలనాన్ని నమూనా తీస్తే యాదృచ్ఛిక బిట్ లభిస్తుంది. ప్రత్యేకమైన అనలాగ్ భాగాలు లేకుండా మామూలు లాజిక్ గేట్లతోనే దీన్ని నిర్మించవచ్చు. ఓపెన్ రూపకల్పనల్లో ఇది విరివిగా కనిపించడానికి కారణం ఇదే.

ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న ఎంతసేపు వేచి ఉండాలన్నది. ఉష్ణశబ్దం వలన కలిగే జిట్టర్ కాలపు వర్గమూలానికి అనుపాతంలో పెరుగుతుంది. రెండింతల జిట్టర్ కావాలంటే నాలుగింతల కాలం ఆగాలి. ఉదాహరణగా డోలన వ్యవధి 1 నానోసెకను, ఒక్కో డోలనానికి జిట్టర్ 2 పికోసెకన్లు అనుకుందాం. పోగైన జిట్టర్ అర్ధవ్యవధికి, అంటే 500 పికోసెకన్లకు, చేరాలంటే 250 రెట్లు పెరగాలి. అందుకు 62,500 డోలనాలు, అంటే 62.5 మైక్రోసెకన్లు పడుతుంది. సెకనుకు 16,000 బిట్లే లభిస్తాయి. ఇవే కొలతలున్న ఒక్క వలయం నుంచి సెకనుకు కోటి బిట్లు తీస్తున్నామని ఎవరైనా అంటే, ఆ బిట్లలో అధికభాగం యాదృచ్ఛికంగా కనిపించేవే కాని అనూహ్యమైనవి కావు.

ఫ్లికర్ శబ్దం కూడా జిట్టర్‌ను పెంచుతుంది. అయితే దానికి జ్ఞాపకం ఎక్కువ కాబట్టి బిట్ల మధ్య సంబంధం ఏర్పడుతుంది. అందువల్ల జాగ్రత్త గల నమూనాలు ఉష్ణశబ్దం వాటాను మాత్రమే లెక్కలోకి తీసుకుంటాయి. మొత్తం జిట్టర్‌ను కొలిచి అంతా ఉష్ణశబ్దమే అనుకోవడం ఈ రంగంలో తరచుగా జరిగే పొరపాటు.

రింగ్ ఆసిలేటర్‌కు మరొక బలహీనత ఉంది. పక్కపక్కన ఉన్న వలయాలు ఒకదానితో ఒకటి లంకె పడతాయి. 2009లో మార్కెటోస్, మూర్ పవర్ సరఫరాలోకి ఒక స్థిర తరంగాన్ని పంపి, వలయాలు దానికి లొంగిపోయేటట్లు చేయవచ్చని చెల్లింపు కార్డు మీదనే చూపారు. 2012లో బాయోన్ తదితరులు విద్యుదయస్కాంత తరంగాలతో, చిప్‌ను తాకకుండానే ఇటువంటి ప్రభావాన్ని సాధించారు.

4.2 మెటాస్టేబుల్ లాచ్

ఒకదాని ఫలితాన్ని మరొకటి తీసుకునే రెండు ఇన్వర్టర్ల జతను సరిగ్గా మధ్యస్థితికి తెచ్చి వదిలితే, అది 0 వైపు ఒరుగుతుందా 1 వైపు ఒరుగుతుందా అన్నది ఉష్ణశబ్దం నిర్ణయిస్తుంది. 2012లో వచ్చిన ఇంటెల్ ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్లు ఈ సూత్రాన్నే వాడాయి. రింగ్ ఆసిలేటర్ కంటె ఇది చాలా వేగవంతమైనది. దాని చిక్కు అంతా సమతూకంలో ఉంది. రెండు ఇన్వర్టర్ల నిర్మాణంలో ఏ కొద్ది తేడా ఉన్నా ఫలితం ఎప్పుడూ ఒకే వైపు ఒరుగుతుంది. ఆ తేడాను సరిదిద్దే ప్రతిస్పందన సర్క్యూట్ కావాలి. ఆ సర్క్యూట్ వల్ల ఒక బిట్ ప్రభావం తరువాతి బిట్ మీద పడుతుంది. చేతితో గీసిన లేఅవుట్ అవసరమవడం వల్ల కేవలం కోడ్ రూపంలో పంచుకునే ఓపెన్ రూపకల్పనకు ఇది అంత సులభంగా ఇమడదు.

4.3 అవలాంచ్ డయోడ్

వ్యతిరేక దిశలో తగినంత వోల్టేజి ఇచ్చిన డయోడ్ సంధిలో ఎలక్ట్రాన్లు కట్టలు తెంచుకున్నట్లు ప్రవహిస్తాయి. ఆ ప్రవాహంలోని శబ్దం చాలా బలంగా ఉంటుంది. దీనికి కావలసిన వోల్టేజి నేటి చిప్‌ల లోపలి వోల్టేజి కంటె ఎంతో ఎక్కువ కనుక సాధారణంగా చిప్ వెలుపల బోర్డు మీద నిర్మిస్తారు. వెలుపల ఉండటం ఒక విధంగా లోపం. బోర్డును తాకగలిగినవారు ఆ తీగను కత్తిరించగలరు. మరొక విధంగా అదే గుణం. వాడుకరి స్వయంగా ఆసిలోస్కోప్ పెట్టి శబ్దాన్ని చూడగలడు. ఓపెన్ హార్డ్‌వేర్ భద్రతా మాడ్యూల్ కోసం సాగిన క్రిప్‌టెక్ ప్రాజెక్టు, ఆండ్రూ హువాంగ్ బృందం రూపొందించిన ప్రికర్సర్ పరికరం, రెండూ అవలాంచ్ మూలాన్ని రింగ్ ఆసిలేటర్‌తో కలిపి వాడాయి.

5. ఓపెన్ రూపకల్పనలకే ప్రత్యేకమైన సమస్యలు

5.1 బాహాటత్వం ఆగిపోయే చోటు

గూగుల్, లోరిస్క్ తదితర సంస్థలు 2019లో ప్రకటించిన ఓపెన్‌టైటన్ ఈ విషయంలో మంచి ఉదాహరణ. ముడి శబ్దాన్ని స్వీకరించి పరీక్షించే భాగం, దాన్ని శుద్ధి చేసే ఎస్‌హెచ్‌ఏ-3 దశ, ఏఈఎస్ ఆధారిత ఉత్పాదకం, ఫలితాన్ని ఇతర భాగాలకు అందించే వ్యవస్థ, వీటి కోడ్ అంతా బహిరంగమే. అయితే శబ్దాన్ని పుట్టించే సర్క్యూట్ అనలాగ్ భాగంలో ఉంటుంది. బహిరంగ భాండారంలో ఆ భాగానికి ప్రవర్తనను అనుకరించే నమూనా మాత్రమే ఉంటుంది. నిజమైన సర్క్యూట్ తయారీ సాంకేతికతతో ముడిపడినది కావడం, ఫౌండ్రీల వివరాలు గోప్యతా ఒప్పందాల కింద ఉండటం దీనికి కారణాలు. అంటే వ్యవస్థ మొత్తంలో అనిశ్చితి పుట్టే ఒక్క చోటే పాఠకులకు కనిపించదు.

2020లో గూగుల్, స్కైవాటర్ సంస్థలు 130 నానోమీటర్ల తయారీ వివరాలను బహిరంగపరచిన తరువాత ఈ పరిస్థితిలో కొంత మార్పు వచ్చింది. శబ్దమూలపు లేఅవుట్‌ను కూడా ప్రచురించడం ఇప్పుడు సాధ్యం. అయినా ప్రచురించిన లేఅవుట్, చేతికి వచ్చిన సిలికాన్ ఒకటేనన్న హామీ దానితో రాదు. డోపింగ్ స్థాయి మార్పు గురించి పైన చెప్పుకున్నది ఇక్కడా వర్తిస్తుంది.

5.2 సాధనాలు కలిగించే చిక్కులు

సింథసిస్ సాధనాలు అనవసరమైన గేట్లను తొలగించేలా తయారయ్యాయి. వరుసగా ఉన్న రెండు ఇన్వర్టర్లు వాటి దృష్టిలో వృథా. వాటిని అలాగే ఉంచమని స్పష్టంగా ఆదేశించకపోతే పదమూడు ఇన్వర్టర్ల వలయం ఒక్క ఇన్వర్టర్‌గా కుదించుకుపోవచ్చు. నియోటిఆర్‌ఎన్‌జి వంటి ఓపెన్ రూపకల్పనలు వలయం మధ్యలో లాచ్‌లు చేర్చి ఈ తొలగింపును నివారిస్తాయి.

రెండవ చిక్కు సిమ్యులేషన్‌లో వస్తుంది. లాజిక్ సిమ్యులేటర్‌లో ఉష్ణశబ్దం ఉండదు. అందువల్ల రూపకర్తలు అక్కడ కృత్రిమ శ్రేణిని ప్రవేశపెడతారు. ఆ ఏర్పాటు పొరపాటున సిలికాన్‌కు చేరితే చిప్‌లన్నీ ఒకే శ్రేణిని ఇస్తాయి. కోడ్ చదివితే తప్ప ఈ పొరపాటు బయటపడదు. ఇది బాహాటత్వం నేరుగా ఉపయోగపడే సందర్భం.

5.3 తయారీ మారితే మూలం మారుతుంది

ఐఐటి మద్రాస్ రూపొందించిన శక్తి ప్రాసెసర్లలో రైజ్‌క్రీక్ ఇంటెల్ 22 నానోమీటర్ల సాంకేతికతలోను, రిమో మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీ 180 నానోమీటర్ల సాంకేతికతలోను 2018లోనే తయారయ్యాయి. లాజిక్ ఒక తయారీశాల నుంచి మరొకదానికి ఇలా వలస పోగలదు. శబ్దం వలస పోలేదు. ఏ రూపకల్పనలోనైనా సాంకేతికత మారినప్పుడు వలయపు వేగం, ఉష్ణశబ్దం పాలు, ఫ్లికర్ శబ్దం పాలు అన్నీ మారతాయి. ఎఫ్‌పిజిఏ మీద కొలిచిన ఎంట్రోపీని సిలికాన్‌కు ఆపాదించడం ఈ కారణంగానే చెల్లదు. కోడ్‌ను తిరిగి వాడుకోవచ్చు, కొలతలను మాత్రం తిరిగి చేయవలసిందే.

6. మూలం చుట్టూ ఉండవలసిన వ్యవస్థ

6.1 నిరంతర పరీక్షలు

800-90బి ప్రమాణం రెండు నిరంతర పరీక్షలను కోరుతుంది. మొదటిది ఒకే విలువ వరుసగా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కిస్తుంది. బిట్‌కు 0.5 కనిష్ఠ ఎంట్రోపీ ఉందని, 2 యొక్క 30వ ఘాతంలో ఒక వంతు తప్పుడు హెచ్చరికను సహించవచ్చని అనుకుంటే, ఒకే బిట్ వరుసగా 61 సార్లు వచ్చినప్పుడు హెచ్చరిక మోగుతుంది. రెండవ పరీక్ష 1,024 బిట్ల కిటికీలో ఒక విలువ వాటాను చూస్తుంది. తైవాన్ కార్డులు తయారైన వేళ మూలం సున్నాలే ఇస్తుండగా మొదటి పరీక్ష లోపల ఉండి ఉంటే, ఆ కీ పుట్టేది కాదు.

అయితే బాహ్య తరంగానికి లంకె పడిన వలయం 0, 1, 0, 1 అంటూ మారుతూ పోతే ఈ రెండు పరీక్షలూ మౌనంగా ఉంటాయి. వరుసగా ఒకే బిట్ రాదు, వాటా కూడా సరిగ్గా సగం ఉంటుంది. కనుక ఎంచుకున్న మూలం ఎలా విఫలమవుతుందో తెలుసుకొని దానికి తగిన పరీక్షను అదనంగా చేర్చాలి. బిట్ల మార్పులను లెక్కించే ఓపెన్‌టైటన్‌లోని మార్కోవ్ పరీక్ష ఇటువంటిదే.

6.2 వైఫల్యాన్ని చెప్పగలిగే వారధి

2021లో ఆమోదం పొందిన రిస్క్-ఫైవ్ క్రిప్టోగ్రఫీ విస్తరణ ఇక్కడ ఆలోచింపదగిన మార్గాన్ని ఎంచుకుంది. ప్రాసెసర్ పూర్తయిన యాదృచ్ఛిక సంఖ్యను ఇవ్వదు, 16 బిట్ల చొప్పున బీజానికి కావలసిన అనిశ్చితిని మాత్రమే ఇస్తుంది. ప్రతిసారీ దానితోపాటు తన స్థితిని తెలుపుతుంది: స్వయంపరీక్షలో ఉన్నాను, ఇంకా సిద్ధంగా లేను, సిద్ధం, లేదా పనికిరాను. 2019లో కొన్ని రైజెన్ 3000 ప్రాసెసర్లలో ఆర్‌డిరాండ్ ఆదేశం ప్రతిసారీ అన్నీ 1లే ఇస్తూ, పని విజయవంతమైందని తెలిపింది. లేనిదాన్ని ఉన్నట్లు చెప్పే మూలం కంటె లేదని చెప్పే మూలమే భద్రమైనదని ఈ అనుభవం బోధిస్తుంది.

6.3 మూలాల కలయిక

పరస్పరం సంబంధం లేని రెండు మూలాలను ఎక్స్‌ఆర్ చేస్తే, వాటిలో ఒకటి చెడిపోయినా రెండవదాని అనిశ్చితి నిలుస్తుంది. రెండు రింగ్ ఆసిలేటర్లు ఒకే పవర్ సరఫరా మీద ఉంటే ఒకే దాడికి రెండూ లొంగవచ్చు. అందువల్ల భిన్నమైన భౌతిక సూత్రాలు గల మూలాలను కలపడం మేలు. రెండవ మూలం మొదటిదాని విలువను ముందుగా చూడగలిగే అమరిక ఉండకూడదు. అలా చూడగలిగితే దురుద్దేశంతో దాన్ని రద్దు చేయవచ్చు.

7. ఎంపిక క్రమం

పై చర్చను బట్టి రూపకర్త, లేదా ఆ రూపకల్పనను పరిశీలించే పరిశోధకుడు వేసుకోవలసిన ప్రశ్నలు ఈ వరుసలో ఉంటాయి.

1. అనిశ్చితి ఏ భౌతిక ప్రక్రియ నుంచి వస్తున్నది? బిట్‌కు ఎంత అని చెప్పే నమూనా ఉందా?
2. ఆ నమూనాలోని సంఖ్యలను ఇదే సాంకేతికతలో తయారైన చిప్ మీద, వేర్వేరు ఉష్ణోగ్రతల్లో, వోల్టేజిల్లో కొలిచారా?
3. శుద్ధికి ముందున్న ముడి బిట్లను బయటికి తీసుకునే దారి ఉందా? చిప్ వాడుకలోకి వెళ్లేముందు ఆ దారిని శాశ్వతంగా మూసే ఏర్పాటు ఉందా?
4. ఈ మూలం ఏయే తీరుల్లో విఫలమవుతుంది? ప్రతి తీరునూ పట్టుకునే పరీక్ష లోపల ఉందా?
5. విఫలమైనప్పుడు చిప్ సంఖ్యలు ఇవ్వడం ఆపుతుందా?
6. వేగం ఎంత? బీజం కోసం కొన్ని వందల బిట్లు చాలు కనుక, 4.1లో చూపిన నెమ్మదైన మూలం కూడా 348 బిట్లను సుమారు 22 మిల్లీసెకన్లలో ఇవ్వగలదు.

వేగం ఈ వరుసలో చివరన ఉండటం గమనార్హం. మార్కెట్ వివరణల్లో సాధారణంగా ముందుండేది అదే. బీజాన్ని విస్తరించే పని గణిత ఉత్పాదకం చేయగలదు కనుక మూలం నుంచి వేగాన్ని ఆశించవలసిన అవసరం చాలా సందర్భాల్లో లేదు.

8. ముగింపు

రూపకల్పన తెరిచి ఉండటం వల్ల కోడ్‌లోని తప్పులు, మిగిలిపోయిన సిమ్యులేషన్ ఏర్పాట్లు, లోపించిన పరీక్షలు పదిమంది కంట పడతాయి. శబ్దం మాత్రం కోడ్‌లో లేదు, సిలికాన్‌లో ఉంది. దాన్ని చదవడం కుదరదు, కొలవాలి. అందుచేత ఓపెన్ చిప్‌కు సరిపడే మూలం అత్యంత వేగవంతమైనదో, పరీక్షల పట్టికలో అత్యధిక మార్కులు తెచ్చుకున్నదో కానక్కరలేదు. వివరించడానికి, కొలవడానికి, పాడైనప్పుడు గుర్తించడానికి వీలైన సరళమైన మూలమే అందుకు తగినది. అన్ని భాగాలూ ఒకే సంస్థ చేతిలో లేని ఓపెన్ రూపకల్పనల్లో, నెమ్మదైన రింగ్ ఆసిలేటర్‌ను నిజాయితీగల నమూనాతో, తగిన పరీక్షలతో వాడటం, వీలున్నచోట భిన్నమైన రెండవ మూలాన్ని జోడించడం ప్రస్తుతానికి అనుసరణీయమైన మార్గంగా కనిపిస్తుంది. రూపకల్పనతోపాటు ముడి బిట్ల కొలతలను కూడా ప్రచురించే సంప్రదాయం స్థిరపడితే, బాహాటత్వం శబ్దమూలం దాకా చేరుతుంది. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలు చేపట్టడానికి వీలైన పరిశోధన ఇది.